విశాఖ హార్బర్ దగ్గరి పాత గోడౌన్‌ను కళాకేంద్రంగా మార్చడం ఎలా?

"వన్ టౌన్‌లో మా తాతగారి గోడౌన్ ఖాళీగా పడి ఉందండీ, ఆర్ట్ గ్యాలరీ చేయొచ్చా?" "మా నాటక బృందానికి హార్బర్ దగ్గర పాత గిడ్డంగి అద్దెకు దొరుకుతోంది, తీసుకోమంటారా?" కొంతకాలంగా ఈ రెండు ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అడిగేవాళ్ళలో సగం మంది దగ్గర అప్పటికే కేంద్రం పేరు, లోగో, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి అన్నీ సిద్ధంగా ఉంటాయి. కప్పు ఎక్కడ కారుతోందని అడిగితే మాత్రం "చూడాలండీ" అంటారు.

అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టాల్సిన వరుస ఇది: కాగితాలు, కప్పు, గోడలు, బయటికి వెళ్ళే దారులు, కరెంటు. స్టేజీ, రంగులు, ఫోకస్ లైట్లు ఆఖరున. ఈ వరుస తిరగబడిన చోట రెండో వానాకాలానికే తాళం పడుతుంది. ఇంకో మాట, గోడౌన్‌ను ఎంత తక్కువ మారిస్తే అంత మంచిది. ఎత్తయిన కప్పు, మందపాటి గోడలు, మధ్యలో స్తంభాలు లేని హాలు. కొత్తగా కట్టాలంటే కోట్లవుతాయి, మీకు ఊరికే దొరికాయి.

కొచ్చిని చూడండి. 1867లో మొదలైన వ్యాపార సంస్థ ఆవరణ ఆస్పిన్‌వాల్ హౌస్, దానికి తోడు పెప్పర్ హౌస్ అనే పాత గిడ్డంగి, 2012 డిసెంబరులో మొదలైన బినాలే అనే కళా ప్రదర్శనకు వేదికలయ్యాయి. బినాలే ఏడాది పొడవునా జరగదు, రెండేళ్ళకోసారి కొన్ని నెలలే. మనకూ 365 రోజులు తెరిచి ఉంచాలన్న రూలేమీ లేదు. విశాఖలో డిసెంబరు నుంచి మార్చి దాకా నడిపి, మిగతా నెలల్లో మరమ్మతులు, రిహార్సల్స్ పెట్టుకుంటే ఖర్చు సగానికి సగం తేలికవుతుంది.

ముందుగా కావలసినవి

మనుషులు:
- పాత రాతి, ఇటుక కట్టడాల మీద పనిచేసిన స్ట్రక్చరల్ ఇంజినీరు. అపార్ట్‌మెంట్లు మాత్రమే కట్టినాయన అయితే మొదటి రోజే "కొట్టేసి కట్టుకోండి" అంటాడు.
- సున్నం పని చేతికి తెలిసిన తాపీ మేస్త్రీ. సింహాచలం, భీమిలి వైపు పాత గుళ్ళలో, బంగళాల్లో మరమ్మతులు చేసినవాళ్ళను వాకబు చేయండి.
- పాత టేకు దూలాలు చూసిన వడ్రంగి, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, ఆస్తి కాగితాలు చదవగల లాయరు.

సామాన్లు: టార్చి, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, మందపాటి పాలిథిన్ షీటు, అంటించే టేపు, టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పులను కొలిచేది), కొలత టేపు, ఒక నోటుబుక్కు.

వీటన్నిటికంటే ముఖ్యంగా ఒక వానాకాలం కావాలి. వాన చూడకుండా గోడౌన్ ఒప్పుకోకండి.

1. యజమాని ఎవరో తేల్చుకోండి

హార్బర్ చుట్టుపక్కల గోడౌన్లు ప్రైవేటు కుటుంబాలవి కావచ్చు, పోర్టు స్థలంలో లీజు మీద ఉన్నవి కావచ్చు, దేవాదాయ శాఖ లేదా వక్ఫ్ ఆస్తులూ కావచ్చు. మీ చేతికి తాళం ఇచ్చినాయన యజమాని అయి ఉండాలని లేదు.

ప్రైవేటుదైతే కనీసం 30 ఏళ్ళకు ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయించండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), టౌన్ సర్వే రికార్డు, ఆస్తి పన్ను రసీదు పక్కపక్కన పెట్టి పేర్లు, కొలతలు సరిపోతున్నాయో చూడండి. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల్లో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. పాత గోడౌన్లకు వారసులు ఎక్కువ. నలుగురు ఇక్కడుంటే ఇద్దరు అమెరికాలో ఉంటారు. అందరి సంతకాలో, వాళ్ళ తరఫున జీపీఏనో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) లేకుండా ఒక్క పెంకు కూడా మార్చొద్దు.

పోర్టు స్థలమైతే పద్ధతి వేరు. మేజర్ పోర్టుల భూములను సాధారణంగా టెండర్, వేలం పద్ధతిలోనే లీజుకిస్తారు. "నా లీజు ఇంకా ఉంది, మీకు సబ్‌లీజుకిస్తా" అని ఎవరైనా అంటే, పోర్టు అథారిటీ రాతపూర్వక అనుమతి చూపించమనండి. చూపించకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, 11 నెలల అగ్రిమెంటు మీద లక్షలు పెట్టడం. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాల్సిందే. ఆ ఖర్చుకు భయపడితే మీ పెట్టుబడికి రక్షణ ఉండదు. నా ఉద్దేశంలో తొమ్మిది పదేళ్ళ కంటే తక్కువ లీజుకు కప్పు జోలికి వెళ్ళకూడదు. కప్పు మరమ్మతు ఖర్చు ఎవరిదో, ఖాళీ చేసేటప్పుడు మీరు పెట్టిన లైట్లు, ప్యానెల్ బోర్డులు ఎవరివో లీజులోనే రాయించుకోండి.

2. వాన పడుతుండగా కట్టడాన్ని పరీక్షించండి

గోడౌన్ ప్లాన్ కాగితం మీద గీసుకోండి, చేత్తో గీసినా చాలు. గట్టి వాన కురిసిన రోజు టార్చి పట్టుకుని లోపలికి వెళ్ళి, నీళ్ళు కారే ప్రతి చోటుకూ నంబరు వేయండి. తర్వాత ఈ పరీక్షలు చేయండి:

- *రోడ్డు ఎత్తు.* పాతపట్నం, అంటే వన్ టౌన్ సందుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగింది. గోడౌన్ గచ్చు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. గచ్చు రోడ్డు కంటే కిందికి ఉంటే వాననీళ్ళు, కాలవ నీళ్ళు మీ లోపలికే వస్తాయి. దగ్గరలో ఏ గెడ్డ (వాగు) ఉంది, అది పొంగితే నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పక్కింటి పెద్దవాళ్ళను అడగండి. మ్యాపుల కంటే వాళ్ళ లెక్కే నికరం.
- *తేమ ఎక్కణ్ణుంచి?* రెండడుగుల చదరం పాలిథిన్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. షీటు వెనక, అంటే గోడ వైపు నీటి చుక్కలుంటే తేమ గోడలోంచి వస్తోంది. బయటి వైపు ఉంటే గాలిలోది. గచ్చు మీదా ఇలాగే చేయండి. ఈ రెంటికీ వైద్యం వేరు కాబట్టి ఈ పరీక్ష మానొద్దు.
- *పగుళ్ళు.* పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బిళ్ళ అంటించి దానిమీద తేదీ రాయండి. మూడు నెలలైనా బిళ్ళ చెక్కుచెదరకపోతే అది పాత పగులు. బిళ్ళ చీలితే గోడ కదులుతోందన్నమాట. అప్పుడు ఇంజినీరు పునాది చూడాలి. పైన పుట్టీ పెట్టి దాచేయడం ఆత్మవంచన.
- *పూత.* సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గీత గీయండి.
- *చెక్క.* దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. చెద, కుళ్ళు అక్కడే మొదలవుతాయి. దూలం మధ్యలో బాగుందని సంతోషపడొద్దు.
- *ఇనుము.* ట్రస్‌లు (కప్పును మోసే చట్రాలు), గర్డర్లకు పట్టిన తుప్పు పొరలు పొరలుగా లేస్తోందేమో చూడండి. పొరలు గీకేశాక మిగిలిన మందం కొలిచి, అసలు ఎంత ఉండాలో ఇంజినీరుతో పోల్చించండి.

ఏదీ ముట్టుకోకముందే ప్రతి గోడనూ ఫోటో తీయండి. గోడల మీద సరుకు లెక్కల రాతలు, తలుపుల మీద నంబర్లు, దూలానికి వేలాడే కప్పీ, గచ్చులో మిగిలిన పట్టాల ముక్క వంటివి ఉంటే అలాగే ఉంచండి. రంగులవాళ్ళు వచ్చిన మొదటి రోజే ఇవి మాయమవుతాయి, కాబట్టి ఏది తుడవకూడదో ముందే సుద్దతో చుట్టూ గీత గీసి చెప్పాలి.

3. అందులో ఏం చేస్తారో, ఎంతమంది పడతారో లెక్క రాయండి

"అన్నీ చేస్తాం" అనకండి. బొమ్మల ప్రదర్శనకు వెలుగు అదుపులో ఉండాలి. నాటకానికి మాట స్పష్టంగా వినపడాలి. తప్పెటగుళ్ళు, థింసా వంటి జానపద నృత్యాలకు గచ్చు, జాగా కావాలి. ఈ మూడింట్లో ఒకటి ప్రధానం, మిగతావి వీలును బట్టి అనుకోండి.

జనం లెక్కకు ఉదాహరణ. హాలు 30 మీటర్లు పొడవు, 12 మీటర్లు వెడల్పు అంటే 360 చదరపు మీటర్లు. స్టేజీ, స్టోరు, నడిచే దారులు తీసేస్తే 250 మిగిలాయనుకుందాం. నిలబడి చూసే ప్రదర్శనకు మనిషికి సుమారు 1.4 చదరపు మీటర్లు వేసుకుంటే 178 మంది. కుర్చీలు దగ్గరగా వేస్తే ఇంకా ఎక్కువమంది పడతారు. కానీ మీ పరిమితిని నిర్ణయించేది కుర్చీలు కావు, తలుపులు. దాని సంగతి ఎనిమిదో అంచెలో.

పై అంతస్తో, చెక్క అటకో ఉంటే జాగ్రత్త. జనం గుమిగూడే చోటికి చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్క వేసుకోవాలి, పైగా జనం నడుస్తారు, గెంతుతారు. "ఒకప్పుడు బస్తాలు మోసింది కదా" అనేది వాదన కాదు. అప్పటి దూలాన్ని చెద తినలేదు. ఇంజినీరు రాసి సంతకం పెట్టేదాకా మెట్లకు తాళం వేసి ఉంచండి.

4. అనుమతులు

ఇది విసుగు పుట్టించే అంచె, కాబట్టి క్లుప్తంగా. గిడ్డంగిని జనం గుమిగూడే స్థలంగా మార్చడమంటే వినియోగం మార్పు. మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) దగ్గర, వినియోగ మార్పు గురించి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ దగ్గర తెలుసుకోండి. సముద్రం వెంబడి హై టైడ్ లైన్ నుంచి 500 మీటర్ల లోపల సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలుంటాయి. అక్కడ పాత కట్టడం బాగుచేసుకోవడం కంటే వినియోగం మార్చడం దగ్గరే చిక్కు వస్తుంది, లీజు సంతకానికి ముందే ఇది తేల్చుకోవాలి. దగ్గరలో కేంద్ర రక్షిత కట్టడం ఉంటే దాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం.

తర్వాత అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, కార్యక్రమాలకు పోలీసు అనుమతి, తినుబండారాలు అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, రికార్డు పాటలు వాడితే మ్యూజిక్ లైసెన్సు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినిపించేలా మైకు పెట్టకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పాతపట్నంలో ఈ మూడింట్లో ఏదో ఒకటి మీ పక్కనే ఉండే అవకాశం ఎక్కువ.

"ముందు ఓపెన్ చేసేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం" అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ప్రమాదం జరిగిన రోజు వాళ్ళు ఫోనెత్తరు.

5. శుభ్రం చేయించండి, కానీ చీపురు పట్టొద్దు

1933లో పోర్టు తెరిచినప్పుడు ఇక్కడినుంచి మాంగనీసు ఖనిజం ప్రధాన ఎగుమతి. తర్వాత బొగ్గు, ఎరువులు, గంధకం ఎన్నో వచ్చాయి. మీ గోడౌన్‌లో ఏ సరుకు నిలవ చేశారో పాత కలాసీలను అడిగి తెలుసుకోండి. ఆ దుమ్ము గచ్చు పగుళ్ళలో, ట్రస్‌ల మీద ఇంకా ఉంటుంది. పొడిగా ఊడిస్తే మొత్తం ఊపిరితిత్తుల్లోకే. సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి, ఆపైన తడిగుడ్డ. పావురాల రెట్ట ఉన్నా అంతే, మాస్కు లేకుండా ఎవర్నీ లోపలికి పంపొద్దు.

కప్పు మీద పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే వాటిని పగలగొట్టడం, డ్రిల్ చేయడం, కోయడం పూర్తిగా నిషేధం అనుకోండి. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, రేకును ముక్క కానివ్వకుండా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అలాంటి కేంద్రం పరవాడలో ఉంది. పాత సామాన్లవాళ్ళకు అమ్మేస్తే ఆ రేకులు ఇంకో పేదవాడి ఇంటి కప్పు అవుతాయి.

6. కప్పు

కప్పు పని జనవరిలో మొదలుపెట్టి మే ఆఖరుకు ముగించండి. జూన్ వస్తే వాన, అక్టోబరు వస్తే తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి కప్పులను ఏం చేసిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి లాగడం ఎక్కువ. విశాఖలో డిజైనుకు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ట్రస్ నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి పట్టు ఉందా అని ఇంజినీరును సూటిగా అడగండి.

బెంగుళూరు పెంకుల కప్పయితే పగిలినవాటికి మాత్రమే కొత్తవి వేయండి. పాత ఇళ్ళు కూల్చే చోట అదే సైజు పెంకులు దొరుకుతాయి. కొత్త పెంకు సైజు కొద్దిగా తేడా ఉన్నా వరస కుదరదు, నీరు దిగుతుంది. చూరు వెంబడి, మొగరం (కప్పు నడినెత్తి) మీద, అంచుల్లో పెంకులను తీగతో కట్టించండి. ముందు లేచిపోయేవి అవే.

రేకుల కప్పయితే హుక్ బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. మామూలు జీఐ (జింకు పూత ఇనుము) బోల్టులను ఉప్పు గాలి తొందరగా తినేస్తుంది. ధర చూసి వెనక్కి తగ్గాలనిపిస్తుంది, తగ్గొద్దు. కప్పు ఊడిపోవడం మొదలయ్యేది బోల్టు దగ్గరే.

పెంకుల మీద సిమెంటు పూయడం, మొత్తం కప్పుకు తారు షీటు అంటించడం మన దగ్గర మామూలు చిట్కాలు. రెండూ వద్దు. కింద చెక్కకు గాలి ఆడక కుళ్ళుతుంది, మీకేమో నీరు ఎక్కణ్ణుంచి దిగుతోందో తెలియదు.

*పని సరిగా జరిగిందా?* మేస్త్రీ డబ్బులు తీసుకోకముందే ట్యాంకరు తెప్పించండి. పైపుతో కప్పు మీద నీళ్ళు పట్టేటప్పుడు చూరు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళాలి, ఒక్కో భాగానికి అరగంట. మొగరం మీంచి మొదలుపెడితే మొత్తం ఒకేసారి తడిసి, కారేది ఏ వరసో పట్టుకోలేరు. లోపల ఒక మనిషి పాత నంబర్ల ప్లాన్ పట్టుకుని నిలబడాలి.

7. గోడలు, ఉప్పు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాత గోడలు ఈ కొండల ఖోండలైటు రాయితోనో ఇటుకతోనో, సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చి మళ్ళీ గాలిలోకి వదులుతాయి. సముద్రం పక్కన ఆ తేమలో ఉప్పుంటుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు పూతలోపల స్ఫటికమై, పొరను పొడిచేసి రాలుస్తుంది. మీరు దానిమీద సిమెంటు పూత వేశారనుకోండి, నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోయి గోడలో ఇంకా పైకి పాకుతుంది. మూడడుగుల దాకా ఉన్న చెమ్మ ఆరడుగులకు చేరుతుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింటు, వాటర్‌ప్రూఫ్ కోటింగు చేసేదీ అదే పని. అన్నీ పైకి బాగానే కనిపిస్తాయి, ఒక్క ఏడాది.

చేయాల్సింది వరుసగా:

(అ) ముందు నీటిని ఆపండి. గోడ బయట కాలవ బాగుచేయించి, కప్పు నీళ్ళు గోడకు దూరంగా పడేలా గొట్టాలు పెట్టించండి. గోడ పక్క సిమెంటు గట్టుంటే తీయించి కంకర పోయించండి.

(ఆ) సిమెంటు పూతను సన్నని ఉలితో మెల్లగా తీయించండి. డ్రిల్ యంత్రం వాడితే రాయి కూడా ఊడుతుంది. తర్వాత ఆరు నెలలు గోడను ఊరికే ఆరనివ్వండి. ఎవరూ వినని సలహా ఇది, కానీ దీనికి ప్రత్యామ్నాయం లేదు.

(ఇ) తేలిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తండి. నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ గోడలోకే పోతుంది.

(ఈ) గుల్లసున్నంతో పూత వేయండి. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళ ఇసుక. సున్నాన్ని నీళ్ళలో వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. అది కుతకుత ఉడికి చిమ్ముతుంది, కళ్ళజోడు లేకుండా ఎవరూ దగ్గరికి రావద్దు. సున్నం ముద్ద ఎన్ని వారాలు నానితే అంత మంచిది. ఒక్కో పూత సెంటీమీటరు మందమే వేసి, గోనెసంచులు తడిపి కప్పి నిదానంగా ఆరనివ్వాలి.

(ఉ) ఇసుక నదిదే కావాలి, వంశధారదో నాగావళిదో. బీచ్ ఇసుకంటే మీరే డబ్బిచ్చి ఉప్పు కొనడం. నీళ్ళు కూడా చూడండి. తీరం దగ్గరి బోర్లలో ఉప్పు నీరు పడుతుంది, టీడీఎస్ మీటరు ముంచితే తెలిసిపోతుంది. అనుమానముంటే మున్సిపల్ నీరే వాడండి.

చెమ్మ ఆగని కింది మూడు నాలుగడుగుల్లో పలచని సున్నపు పూత వేసి వదిలేయండి. ఉప్పును తనలోకి లాక్కుని రాలిపోవడమే దాని పని, రెండు మూడేళ్ళకోసారి తీసి మళ్ళీ వేయాలి. లీజు లెక్కల్లో ఆ ఖర్చు రాసుకోండి. పైన రంగు కావాలంటే సున్నపు వెల్ల మాత్రమే.

*పని సరిగా జరిగిందా?* పూత చిన్న ముక్క విరిచి దానిమీద ఫినాల్ఫ్‌థలీన్ చుక్క వేయండి, కాలేజీ ల్యాబ్ సామాన్ల షాపులో దొరుకుతుంది. గులాబీ రంగుకు మారితే సున్నం లోపల ఇంకా గట్టిపడలేదు. అప్పుడే పెయింటింగులు వేలాడదీయకండి.

టాయిలెట్లను గోడౌన్ లోపల పాత గోడకు ఆనించి కట్టొద్దు. ఆవరణలో విడిగా కట్టండి. ఒక్క లీకు చాలు, పైన చేసిన పనంతా పోతుంది.

8. బయటపడే దారులు, మంటలు

1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కాలిపోలేదు, పొగలో బయటపడే దారి దొరకక ఊపిరాడక పోయారు. గోడౌన్ కట్టిన ఉద్దేశమేమో సరుకు బయటికి పోకుండా చూడటం. అందుకే ఒకటే పెద్ద తలుపు, కిటికీలకు ఊచలు.

- ఎదురెదురు వైపుల కనీసం రెండు తలుపులు. బయటికి తెరుచుకోవాలి. జనం గుమిగూడే చోట తలుపు వెడల్పు 2 మీటర్లకు తగ్గకూడదు.
- రోలింగ్ షట్టరునూ, పక్కకు జరిపే తలుపునూ ఎగ్జిట్ లెక్కలో వేయకండి. కార్యక్రమం నడుస్తున్నంతసేపూ అవి తెరిచి, కదలకుండా బిగించి ఉండాలి.
- జనరేటరు బయట, పొగ లోపలికి రాని వైపు.
- అలంకారానికని పాత నైలాన్ వలలు కప్పంతా వేలాడదీస్తున్నారు. చూడటానికి హార్బర్ కళ వస్తుంది, నిజమే. కానీ నైలాన్ కరిగి మంటతో సహా బొట్లు బొట్లుగా జనం మీద పడుతుంది. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్లో పదుల పడవలు ఒకే రాత్రి తగలబడటం చూసిన ఊరు మనది. వల కావాలంటే ఒక గోడమీద, లైట్లకు దూరంగా, మంట అంటని ద్రావణం పట్టించి పెట్టండి.
- మీ సందులోకి ఫైరింజను తిరుగుతుందా? అగ్నిమాపక సిబ్బందినే పిలిచి ఒకసారి తిప్పించండి. తిరగకపోతే ఆవరణలోనే నీళ్ళ ట్యాంకు, పంపు తప్పదు.

లోడింగ్ ప్లాట్‌ఫామ్ ఎత్తు 90 సెంటీమీటర్లుంటే, చక్రాల కుర్చీకి 1:12 వాలులో ర్యాంపు కావాలి. అంటే దాదాపు 11 మీటర్ల పొడవు, మధ్యలో ఆగే చదును అదనం. జాగా లేకపోతే మలుపు తిప్పండి, వాలు పెంచకండి. అన్నట్టు ఆ ప్లాట్‌ఫామ్ ఆవరణ వైపు ఉంటే దాన్ని ఆరుబయలు స్టేజీగా వాడుకోండి. తప్పెట్ల మోతకు పెంకుల కప్పు కంటే ఆకాశమే నయం.

*పరీక్ష:* స్నేహితులను యాభై మందిని కూర్చోబెట్టి, లైట్లు ఆపి, అందరినీ బయటికి రమ్మనండి. ఫోన్లో టైమ్ చూసుకోండి. మీరు అనుకున్న పూర్తి సంఖ్యకు లెక్కగడితే రెండు మూడు నిమిషాల్లో హాలు ఖాళీ కాదనిపిస్తే, జనాన్ని తగ్గించాలి లేదా తలుపు పెంచాలి.

9. కరెంటు, వెలుగు, శబ్దం

పాత వైరింగు మొత్తం తీసేయండి, కొంచెం కూడా మిగలనివ్వొద్దు. కొత్త వైర్లు గోడ మీదనే పైపుల్లో వేయాలి, సున్నపు గోడకు గాడి కొట్టడం వద్దు. ప్యానెల్ బోర్డు నీరు, దుమ్ము చొరని పెట్టెలో పెట్టి, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. ఎర్తింగ్ కొలత ఏటా తీయించి రాయించుకోండి. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో కేటగిరీ, లోడు మార్పించుకోవడం మర్చిపోతే మొదటి పెద్ద ప్రదర్శన రోజే ఫ్యూజు టెన్షన్ మొదలవుతుంది.

ఏసీ గురించి అందరూ అడుగుతారు. అంత ఎత్తు హాలుకు ఏసీ పెట్టడం డబ్బును పెంకుల సందుల్లోంచి సముద్రంలోకి ఊదడమే. పై వెంటిలేటర్లు తెరిపించి, జాలీలు కొట్టించి, పెద్ద ఫ్యాన్లు పెట్టి, కార్యక్రమాలు సాయంత్రానికి మార్చండి. ఒక చిన్న గదికి మాత్రం తేమ తీసే యంత్రం పెట్టి కళాఖండాలు అందులో దాచండి.

ఏం ప్రదర్శించాలన్నది కూడా గాలిని బట్టే. కాగితం మీది బొమ్మలకు 50 లక్స్ (వెలుగు కొలత), తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ వెలుగు దాటకూడదు. తేమ ఎక్కువైతే కాగితానికి బూజు ఖాయం. కాబట్టి పాత చిత్రాలు, తాళపత్రాలు అరువు తెచ్చుకోకండి. మట్టి, లోహం, రాయి, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఫోటో ప్రింట్లు పెట్టండి. పాతపట్నంలో నల్లటి బొగ్గు దుమ్ము కిటికీ గట్టు మీద ఎంత తొందరగా పేరుకుంటుందో అక్కడున్నవాళ్ళకు తెలుసు. తెల్లటి గుడ్డతో చేసిన కళాఖండానికి అద్దాల పెట్టె తప్పదు.

శబ్దానికి, హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. మోత రెండు సెకన్లు మోగితే నాటకంలో మాటలు వినపడవు. స్టేజీకి ఎదురుగోడ మీద మందపాటి నూలు తెరలు, కొబ్బరిపీచు బోర్డులు, మంట అంటకుండా చేసినవి, వేలాడదీసి మళ్ళీ కొట్టండి. మొత్తం మూసేయకండి, వీణ కచేరీకి ఆ మోత కాస్త కావాలి.

10. ఇరుగుపొరుగు, మొదటి సీజన్

పని మొదలుపెట్టకముందే సందులో అందరితో మాట్లాడండి. గోడౌన్ అరుగు మీద ఎండుచేపలు ఆరబెట్టుకునే అమ్మలుంటారు, వలలు బాగుచేసుకునేవాళ్ళుంటారు. వాళ్ళను తరిమేసి లోపల మత్స్యకారుల జీవితం మీద ఫోటోల ప్రదర్శన పెట్టేవాళ్ళను చూస్తే నాకు నోట మాట రాదు. అరుగు వాళ్ళకే వదలండి, టైమింగులు మాట్లాడుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజుల్లో తాళ్ళ పని, తెరల పని, శుభ్రం చేసే పని వాళ్ళకే ఇవ్వండి. తాడు ముడి వేయడంలో వాళ్ళను మించినవాళ్ళు మీకు దొరకరు.

క్యాలెండరులో మార్గశిర గురువారాలు కొట్టేయండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఆ సందుల్లో ఆటో కూడా కదలదు. నేవీ డే విన్యాసాలు జరిగే రోజు బీచ్ రోడ్డు వైపు ట్రాఫిక్ మళ్ళింపులుంటాయి, ఆ రోజూ వద్దు.

మొదటి సీజన్‌లో గోడౌన్ మొత్తం తెరవొద్దు. మూడో వంతు బాగుచేసి, యాభై అరవై మందితో నెలకు రెండు కార్యక్రమాలు చేయండి. ప్రతిసారీ నోటుబుక్కులో నాలుగు విషయాలు రాయండి: ఎంతమంది వచ్చారు, ఎంత కరెంటు కాలింది, ఎక్కడ చెమ్మ కనిపించింది, పక్కింటివాళ్ళు ఏమన్నారు. మిగతా రెండు వంతుల డిజైను ఆ పేజీలు చూసి గీయించండి.

ఆ తర్వాత ఏటా సెప్టెంబరు ఆఖరుకు గటర్లు, కాలవలు తీయించండి, చూరు పెంకుల తీగలు, రేకుల బోల్టులు చేత్తో లాగి చూడండి, వదులైనవాటిని అప్పుడే మార్పించండి. తుపాను హెచ్చరిక వచ్చాక మేస్త్రీ దొరకడు.